నాన్నగారి డైరీలో ఏది అచ్చు వెయ్యొచ్చు?

ప్రశ్న: నమస్కారమండి. మా నాన్నగారు నరసాపురంలో నలభై ఏళ్ళ పైన ప్లీడరీ చేశారు, వారంలో మూడు రోజులు కోర్టయ్యాక రైలెక్కి భీమవరం వెళ్ళి లా స్టూడెంట్లకి పాఠం చెప్పి రాత్రి పది దాటాక ఇల్లు చేరేవారు. పోయిన కార్తీకంలో కాలం చేశారు. సంవత్సరీకానికి చిన్న పుస్తకం వేద్దాం, సన్మానాల ఫోటోలూ పెద్దవాళ్ళ సందేశాలూ పెడదాం అంటున్నారు అన్నయ్యలు, రాసే పని నాకు అప్పజెప్పారు. నాకేమో పెద్దకర్మ రోజు ఒకాయన చెప్పిందే బుర్రలో తిరుగుతోంది. ఆయన నాన్నగారి స్టూడెంటంట. 1986లో ఆడపిల్లల వాటా చట్టం గురించి చెబుతూ నాన్నగారు బోర్డు మీద మా కుటుంబాన్నే గీశారంట, అన్నయ్యలిద్దరి పక్కన నా పేరూ రాసి ముగ్గురికీ ఒకే పొడుగు గీతలు గీసి, ఇది మా ఇల్లు, ఇప్పుడు మీ మీ ఇళ్ళు గీయండి అన్నారంట. నేనప్పుడు ఇంటరు. ఇంట్లో ఆ సంగతి ఎప్పుడూ ఎత్తలేదండి. ఆయన డైరీలు ముప్ఫై దాకా ఉన్నాయి, అచ్చు వెయ్యొచ్చా? అటక మీద కేసుల కట్టలు పాత పేపర్లవాడికి ఇచ్చేయొచ్చా? లాయరుగా ఉంటూ కాలేజీ జీతం తీసుకోవడం తప్పు, అది రాయొద్దు అని ఒక బంధువు అంటున్నారు, నిజమేనా?

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను, ఆ బోర్డు దగ్గరే ఆగిపోయాను. పుస్తకంలో మొదటి పేజీ అదే అవ్వాలి, సందేశాలు ఎన్నున్నా దాని తర్వాతే. ఎందుకంటే ఆ చట్టం మన రాష్ట్రంలో ఎన్.టి.రామారావు గారి ప్రభుత్వం తెచ్చింది, 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకొచ్చింది, ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా వాటా, కాకపోతే ఆ తేదీకి పెళ్ళి కాని కూతుళ్ళకే. దేశం మొత్తానికి అలాంటి హక్కు రావడానికి 2005 దాకా పట్టింది. మీకప్పటికి పెళ్ళి కాలేదు కాబట్టి ఆయన గీసిన గీత చట్టం లెక్కన కూడా సరిగ్గా సరిపోయింది. ఆ రోజుల్లో నాకు తెలిసిన ఇళ్ళలోనే పసుపు కుంకాల కింద కొంత ముట్టజెప్పి, మిగతాది వద్దన్నట్టు ఆడపిల్లల చేత సంతకం పెట్టించుకున్న తండ్రులున్నారమ్మా. మీ నాన్నగారు క్లాసు నిండా కుర్రాళ్ళ ముందు సొంత ఇంటి లెక్క బోర్డు మీద పెట్టారు. ఈ సంగతి రాయకపోతే ఇంకేం రాస్తారు?

మీ బంధువు మాట పట్టించుకోవద్దు. 1961 అడ్వకేట్ల చట్టం కింద 1979లో రూల్సు వచ్చాయి, ప్రాక్టీసు చేసే లాయరు రోజుకి మూడు గంటలు మించకుండా లా పాఠాలు చెప్పుకోవచ్చు. పగలంతా కోర్టులో నిలబడి, సాయంత్రం రైల్లో వెళ్ళి, మళ్ళీ బోర్డు ముందు నిలబడ్డ మనిషి గురించి దాచాల్సింది ఏముంది, గర్వంగా రాయండి.

డైరీల విషయంలో మాత్రం జాగ్రత్త. క్లయింటు లాయరుతో చెప్పుకున్నది, కేసు అయిపోయాక కూడా బయటపెట్టకూడదన్నది సాక్ష్య చట్టంలో ఉన్న మాటే. అందుకని పేర్లున్న పేజీలు, ఎవరిదో తెలిసిపోయే తగాదాలు అచ్చు వెయ్యొద్దు. అయితే ప్లీడర్ల డైరీలు మీరూ చూసుంటారు కదా, ముందు పేజీల్లో వాయిదాలుంటాయి, చివరి పేజీల్లో ఇంటి లెక్కలుంటాయి, కొబ్బరి దింపు ఎంతొచ్చిందీ, పిల్లల ఫీజు ఎప్పుడు కట్టిందీ, మందులకి ఎంతయిందీ. ఆ వెనక పేజీలు ఒక్కటి కూడా వదలకుండా చూడండి. మీ నాన్న అక్కడ దొరుకుతారు.

కట్టలు అమ్మనివ్వొద్దు, దయచేసి. వాటిలో జనం ఒరిజినల్ దస్తావేజులుంటాయి, తనఖా కాగితాలుంటాయి, అవి వాళ్ళ సొత్తు. గుమస్తాగారు ఉంటే పిలిచి ఊళ్ళవారీగా విడదీయించండి, కబురు పెట్టి ఎవరివి వాళ్ళకిచ్చి సంతకం తీసుకోండి. నడుస్తున్న కేసులేమైనా ఉంటే ముందు అవి చూడండి, లాయరు పోతే ఆయన వకాల్తా, అంటే తన తరపున కేసు నడపమని క్లయింటు రాసిచ్చిన అధికారం, అక్కడితో అయిపోయినట్టే, క్లయింటు వేరే లాయర్ని పెట్టుకోవాలి, ఆ సంగతి తెలియక వాయిదా తప్పితే పాపం నష్టపోయేది వాళ్ళు. పైగా కాగితం కోసం వచ్చిన ప్రతి మనిషి దగ్గరా ఒక ముచ్చటుంటుంది. సఖినేటిపల్లి నుంచి పంటు మీద వశిష్ఠ గోదారి దాటొచ్చిన రైతు, లంకలో ఎకరం గోదారి కోతకి పోయి అవతల మేట వేస్తే ఆ మేట ఎవరిదని కొట్లాడిన అన్నదమ్ములు, మనోవర్తి కేసు గెలిచి ఫీజు ఇవ్వలేక తను అల్లిన లేసు గుడ్డ తెచ్చిచ్చిన ఆవిడ, ఇలాంటోళ్ళు నరసాపురం ప్లీడరు గారింటికి రాకుండా ఉంటారా? కాఫీ ఇచ్చి కూర్చోబెట్టి అడగండి, పేరు వెయ్యమని వాళ్ళంతట వాళ్ళే ఒప్పుకుంటే వెయ్యండి.

నేను ఇంత గట్టిగా చెప్పడానికి కారణముంది. నేను జూనియర్‌గా చేసిన సీనియర్ గారికి ఆయన పోయాక పెద్ద సంచికే వేశారు, నలభై పేజీలు సందేశాలు. ఆయన దావా డ్రాఫ్టు ముందు తెలుగులో రాసి, అరుగు మీద కూర్చున్న క్లయింటుకి గట్టిగా చదివి వినిపించి, ఆయ్ అదేనండీ నేనన్నది అని ఆ మనిషి తలూపాకే ఇంగ్లీషులోకి మార్చేవారు. ఆ సంగతి అందులో ఎక్కడా లేదు. నేను కూడా రాసివ్వలేదు, అడగలేదు కదా అనుకున్నాను, ఇప్పటికీ బాధే.

పెద్దకర్మకి వచ్చిన ఆ స్టూడెంటు గారి ఫోన్ నెంబరు తీసుకున్నారా? లేకపోతే భీమవరం బార్ అసోసియేషన్‌లో అడిగితే ఎవరో ఒకరు చెబుతారు. ఆ రోజు క్లాసులో ఇంకా ఎవరెవరున్నారో, వాళ్ళు తమ ఇళ్ళు ఎలా గీశారో ఆయన్నే అడగండి.