చిగుళ్లలో రక్తం వస్తుంటే వేపపుల్ల, మంచినూనె పుక్కిలింత సరిపోతాయా?

మీ ప్రశ్న చదివాను. రెండు నెలలుగా పళ్లు తోమినప్పుడల్లా చిగుళ్లలో రక్తం వస్తోందని, పళ్ల డాక్టర్ క్లీనింగ్ చేయించుకోమన్నారని, మీ అత్తగారేమో క్లీనింగ్ చేయిస్తే పళ్లు కదిలిపోతాయి, వేపపుల్ల వేసి నూనె పుక్కిలిస్తే అదే తగ్గిపోతుంది అంటున్నారని, ఎవరి మాట వినాలో తెలియట్లేదని రాశారు. ఇద్దరి మాటా వినండి, కానీ ముందు డాక్టర్ మాట. నేను ఇదే విషయంలో ఎనిమిది నెలలు వృథా చేసుకున్నాను, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

మాది పాకాల దగ్గర పల్లె, పెళ్లయినప్పటి నుంచి తిరుపతిలో ఉంటున్నాం. మా నాయన బ్రష్ పట్టుకోగా నేను ఎప్పుడూ చూడలేదు. తెల్లారి చేనికి పోతూ దారిలో చిటికెన వేలంత లావున్న పచ్చి వేపకొమ్మ విరిచి, ఆకులు దూసేసి, జానెడు ముక్క ఉంచుకునేవాడు. ఒక కొసన అంగుళం మేర బెరడు పంటితోనే ఒలిచి ఊసేసి, ఆ కొసను దవడపళ్ల మధ్య పెట్టి నిదానంగా నమిలేవాడు, నార విడిపోయి కుంచెలా మెత్తబడేదాకా. అందులో తొందర ఉండేది కాదు, మడవ కట్టి నీళ్లు పారుతున్నంతసేపూ పుల్ల నోట్లోనే ఉండేది. తర్వాత పైపళ్లకు పైనుంచి కిందికి, కిందిపళ్లకు కింది నుంచి పైకి, ఒక్కో పన్నూ విడివిడిగా తోమేవాడు. ఆఖర్న పుల్లను నిలువునా చీల్చి ఆ బద్దతో నాలుక గీసుకుని పారేసేవాడు. రేపటికి మళ్లీ కొత్త పుల్లే. మేం పిల్లలం పుల్లను రంపంలా అడ్డంగా లాగుతుంటే "చిగురు గీసుకుపోతుంది, అట్ల గాదు" అని చెయ్యి పట్టుకుని చూపించేవాడు. డెబ్బై దాటాక కూడా చెరకు గడ పంటితో చీల్చి తినేవాడు.

చాలా ఏళ్ల తర్వాత తెలిసింది, పాత ఆయుర్వేద గ్రంథం సుశ్రుత సంహితలో ఉన్న కొలత కూడా అదేనని. పన్నెండు వేళ్ల వెడల్పంత పొడవు, అంటే మన జాన, చిటికెన వేలంత లావు, పచ్చిది, ముడులు లేనిది. చేదు పుల్లల్లో వేప, వగరు వాటిల్లో చండ్ర, తీపి వాటిల్లో ఇప్ప, కారపు వాటిల్లో కానుగ శ్రేష్ఠం అని రాసి ఉంది. ఇంకో ఆయుర్వేద ఆచార్యుడు చరకుడు రోజుకు రెండు పూటలా వేయమన్నాడు, చిగుళ్లకు దెబ్బ తగలకుండా వేయమని కూడా అక్కడే చెప్పాడు. వేలూరు వైపు ఉన్న మా చుట్టాలు తమిళంలో "ఆలుం వేలుం పల్లుక్కు ఉఱుది" అంటారు, మర్రిపుల్లా తుమ్మపుల్లా పంటికి గట్టి అని. మా పక్క వేప తర్వాత ఎక్కువగా వాడేది కానుగపుల్ల, ఉత్తరేణి వేరు.

ఇంత చూసి పెరిగినదాన్ని కాబట్టి ముప్పై ఎనిమిదో ఏట నాకు చిగుళ్లలో రక్తం మొదలైనప్పుడు డాక్టర్ దగ్గరికి పోవాలనే అనిపించలేదు. ఇంటి వైద్యం మొదలుపెట్టాను. తెల్లారే మంచినూనె, అదే నువ్వుల నూనె, ఇరవై నిమిషాలు పుక్కిలించడం, రాత్రి త్రిఫలా కషాయం, మధ్యలో ఎవరో చెప్పారని ఉప్పూ బొగ్గుపొడీ కలిపి వేలితో రుద్దడం. మొదటి నెలలో నిజంగానే రక్తం తగ్గింది, నోరు తేలిగ్గా ఉండేది, నేను పదిమందికి చెప్పాను కూడా. మూడో నెలకు మళ్లీ మొదలైంది. ఈసారి నోటి వాసన కూడా. నేను నూనె ఇంకో ఐదు నిమిషాలు పెంచాను, బొగ్గుపొడి ఇంకా గట్టిగా రుద్దాను. చిగుళ్లు వెనక్కి జారి, పంటి మొదలు దగ్గర అరిగి, చన్నీళ్లు తాగితే ప్రాణం జివ్వుమనేది. ఒకసారి నొప్పికి లవంగ నూనె దూదితో కాకుండా నేరుగా చిగురుకే పోసుకుంటే అక్కడ తెల్లగా కాలి పొర లేచింది. లవంగ నూనె పంటి నొప్పిని మొద్దుబార్చేది నిజమే, కానీ అది ఒకటి రెండు చుక్కలు దూదికి అంటించి పుప్పిపన్ను మీద పెట్టుకునే సరుకు, అది కూడా డాక్టర్ దగ్గరికి పోయేదాకానే.

చివరికి ఒక ఆయుర్వేద డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను, ఏదైనా మంచి తైలం రాసిస్తుందని. ఆమె చిన్న అద్దం పెట్టి కింది ముందుపళ్ల లోపలి వైపు చూసి, ఆ అద్దాన్ని నా చేతికే ఇచ్చి చూసుకోమంది. పళ్ల మొదళ్ల చుట్టూ పసుప్పచ్చగా, సున్నం పెట్టినట్టు గట్టిగా, చిగురు కిందికి దూరి ఉంది గార. "దీన్ని తీయించుకుని రామ్మా, అప్పుడు మందు రాస్తాను, ఇప్పుడు రాస్తే మందూ దండగ, నీ డబ్బూ దండగ" అంది. ఆయుర్వేదం చదివిన మనిషి పళ్ల డాక్టర్ దగ్గరికి పొమ్మనేసరికి నాకు మనసు చివుక్కుమంది. అది ఆమెకు తెలిసినట్టుంది, కూర్చోబెట్టి చెప్పింది.

ఆ రోజు ఆమె చెప్పిందే మీకు నేను చెప్పదలచుకున్న అసలు సంగతి. వేపపుల్ల గురించి సుశ్రుతుడు రాసిన అధ్యాయం పేరు అనాగతాబాధ ప్రతిషేధం, అంటే ఇంకా రాని బాధను రాకుండా ఆపడం. చరకుడు కూడా దంతధావనం అంటే పళ్లు తోమడం, నాలుక గీసుకోవడం, నూనె పుక్కిట పట్టడం అన్నీ రోజూ చేయాల్సిన పనుల కిందే చెప్పాడు. జబ్బు వచ్చాక చేసే చికిత్స వేరే అధ్యాయంలో ఉంది. అక్కడ పళ్ల గారకు దంతశర్కర అని పేరు పెట్టి, పంటి మొదలుకు దెబ్బ తగలకుండా పనిముట్టుతో దాన్ని గీకి తీసేయాలి, ఆ తర్వాత లక్కపొడి తేనెతో కలిపి రుద్దాలి అని సుశ్రుతుడే రాశాడు. గీకడానికి దంతశంకువు అనే ప్రత్యేకమైన పనిముట్టు కూడా చెప్పాడు. మీ అత్తగారికి ఈ మాట తప్పకుండా చెప్పండి. క్లీనింగ్ అనేది ఇంగ్లీషు వైద్యం తెచ్చిపెట్టిన కొత్త పని కాదు, మన పాత గ్రంథంలో ఉన్నదే, ఇప్పుడు మిషన్‌తో చేస్తున్నారు, అంతే.

ఎందుకు గీకాలో కూడా చెప్తాను. పంటి మీద రోజూ చేరేది పాచి. మెత్తగా ఉన్నంతసేపు పుల్లతోనైనా బ్రష్‌తోనైనా పోతుంది. పోకుండా మిగిలినదానికి ఉమ్మిలోని సున్నపు లవణాలు పట్టి గట్టిపడితే గార అవుతుంది. మన తిరుపతిలో బోరు నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లగా పొర కడుతుంది చూడండి, దాన్ని నూనె పూసి తీయగలమా? ఇదీ అంతే. ఆ గరుకు మీద ఇంకా పాచి చేరుతుంది, అందులోని క్రిములకు చిగురు వాచి మెత్తబడుతుంది, ముట్టుకుంటే రక్తం. నూనె, కషాయం ఆ వాపును కొంచెం తగ్గిస్తాయి కాబట్టి మొదట్లో నయమైనట్టే ఉంటుంది, నాకు జరిగిందదే. లోపల గార అలాగే ఉండి పంటిని పట్టుకున్న ఎముకను నెమ్మదిగా కరిగిస్తూ ఉంటుంది.

క్లీనింగ్ తర్వాత పళ్లు కదిలినట్టు అనిపించేది నిజమే, అది అబద్ధం అని మీ అత్తగారితో వాదించకండి. నాకూ అనిపించింది. పళ్ల మధ్య గార నిండి ఉన్న చోట ఖాళీ వస్తుంది, వాచిన చిగురు తగ్గుతుంది, నాలుక మాటిమాటికీ అక్కడికే పోతుంది. చన్నీళ్లకు ఓ పది రోజులు జివ్వుమంది, తర్వాత సర్దుకుంది. ఎముక అప్పటికే బాగా కరిగిపోయి, గారే పళ్లను అంటిపెట్టుకుని ఉంటే, తీసినప్పుడు ఆ కదలిక బయటపడుతుంది. అది క్లీనింగ్ చేసిన తప్పు కాదు, ఆలస్యం చేసిన ఫలితం. రెండు నెలలే అంటున్నారు కాబట్టి మీకు అంతదాకా వచ్చి ఉండకపోవచ్చు, అందుకే ఇప్పుడే వెళ్లండి అని ఇంతగా చెప్తున్నాను.

క్లీనింగ్ అయిన వారానికి ఆ డాక్టరమ్మ దగ్గరికి మళ్లీ వెళ్తే చెప్పిన పద్ధతి ఇది, ఏడేళ్లుగా చేస్తున్నాను. తెల్లారి ముందు పళ్లు తోమడం (నేను మెత్తటి బ్రష్, ఫ్లోరైడ్ పేస్టే వాడతాను, ఊరికి పోతే వేపపుల్ల), తర్వాత నాలుక గీసుకోవడం, ఆ తర్వాత ఒక పెద్ద చెంచా మంచినూనె. నోరు నిండా పట్టి కదపకుండా ఉంచితే గండూషం, కొంచెం తక్కువ పట్టి అటూ ఇటూ తిప్పితే కవలం, మనం చేసే పుక్కిలింత ఎక్కువగా కవలమే. ఇరవై నిమిషాలు గడియారం చూసుకోవాలని పాత గ్రంథాల్లో లేదు, నోట్లో కఫం నిండేదాకా, లేదా కళ్లూ ముక్కూ చెమ్మగిల్లేదాకా అని ఉంది. నాకు ఏడెనిమిది నిమిషాలకే అలా అవుతుంది, ఊసేస్తాను. దవడలు నొప్పి పుట్టేలా చేయక్కర్లేదు. మింగకూడదు, పొరపోతే ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది, అందుకే చిన్నపిల్లలతో అసలు చేయించకండి. సింకులో ఊస్తే పైపు జిడ్డుపట్టి పూడుకుపోతుంది, చెట్టు మొదట్లోనో చెత్తబుట్టలో కాగితం మీదో ఊసేయండి. తర్వాత గోరువెచ్చటి నీళ్లతో కడుక్కోవాలి. దీంతో నోరు ఎండిపోవడం, పెదాలు పగలడం బాగా తగ్గాయి నాకు. పాచి కొంత తగ్గుతుందని చిన్న చిన్న పరిశోధనల్లో కనిపించింది, కానీ బ్రష్‌కు బదులుగా నూనె పనికిరాదు.

రాత్రి పూట త్రిఫలా కషాయం, వారానికి మూడు నాలుగు రోజులు. కరక్కాయ, తానికాయ, ఉసిరికాయ కలిపిన చూర్ణం ఒక చెంచా, గ్లాసు నీళ్లలో వేసి సగానికి మరిగించి, పలుచటి గుడ్డలో వడగట్టాలి. వడగట్టకపోతే నలుసులు చిగురు సందుల్లో ఇరుక్కుంటాయి. గోరువెచ్చగా ఉన్నప్పుడు నోట్లో పట్టి ఊసేయడమే. ఆ వగరుకు చిగుళ్లు బిగిసినట్టు ఉంటాయి. మధ్యలో ఒక నెల అరిమేదాది తైలం కూడా ఇచ్చింది, అది డాక్టర్ చూసి చెప్తేనే వాడండి.

నాటు మందుల అంగట్లో దొరికే పండ్లపొడి గురించి ఒక మాట. రెండు వేళ్ల మధ్య నలిపి చూడండి, ఇసుకలా గరగరలాడితే వద్దు. ఇటుకపొడి, బూడిద, బొగ్గు, రాళ్లుప్పు ఇవేవీ వద్దు, పంటి పై పెంకు ఒకసారి అరిగితే మళ్లీ రాదు. మా అవ్వ తరం ఆడవాళ్లు నశ్యం పెట్టి తోముకునేవాళ్లు, ఇప్పటికీ పల్లెల్లో అక్కడక్కడా ఉంది, అది పొగాకే, నోటి పుండ్లకూ క్యాన్సర్‌కూ దారి. పండ్లపొడిలో పొగాకు కలపడాన్ని ప్రభుత్వం 1992లోనే నిషేధించింది. వక్క కూడా అంతే. తాంబూలం నోటికి మంచిదని చరకుడు చెప్పిన మాట ఉంది కానీ, వక్క క్యాన్సర్ కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం తేల్చి చెప్పింది. పాతదంటే నాకు ఎంతో గౌరవం, అయినా ఈ ఒక్కటి నేను ఒప్పుకోను. అవ్వ దవడ లోపల తెల్లమచ్చ వచ్చి, అది ఏమవుతుందోనని ఇంట్లో అందరం పడ్డ టెన్షన్ ఇంకా గుర్తుంది.

ఇంకొకటి, షుగర్ టెస్ట్ చేయించుకోండి. మా అమ్మకు షుగర్ ఉన్నట్టు బయటపడింది చిగుళ్ల వల్లే. షుగర్ ఎక్కువుంటే చిగుళ్లు పాడవుతాయి, చిగుళ్ల జబ్బు ముదిరితే షుగర్ అదుపులోకి రాదు. అమ్మకు మందులు మొదలుపెట్టి, గార తీయించాక రెండూ కలిసి తగ్గుముఖం పట్టాయి. గర్భంతో ఉన్నప్పుడు కూడా చిగుళ్లు వాచి రక్తం రావడం ఉంటుంది, మీకు ఆ అవకాశం ఉంటే డాక్టర్‌కు ముందే చెప్పండి, అలాంటప్పుడు సొంతంగా కషాయాలు మొదలుపెట్టకండి. చీము వస్తున్నా, దవడ వాచి జ్వరం వచ్చినా, నోరు తెరుచుకోకపోయినా, నోట్లో పుండు రెండు వారాలకు మించి మానకపోయినా ఇవన్నీ పక్కనపెట్టి అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

తిరుపతిలోనే ఉన్నారు కాబట్టి మీకు పళ్ల డాక్టరూ, ఆయుర్వేద డాక్టరూ ఇద్దరూ దగ్గరే. టీటీడీ వాళ్ల ఎస్వీ ఆయుర్వేద ఆసుపత్రి ఉంది, ఆయుర్వేదంలో కళ్లు, చెవి, ముక్కు, నోరు చూసే విభాగాన్ని శాలాక్యం అంటారు, ఓపీలో ఆ పేరు చెప్పి అడగండి. క్లీనింగ్ రోజు అత్తగారిని కూడా వెంట తీసుకెళ్లండి, తీయకముందు ఒకసారి, తీశాక ఒకసారి అద్దంలో ఆమెకు చూపించమని డాక్టర్‌ను అడగండి. వీలైతే ఆమె పళ్లు కూడా చూపించండి, ఆ వయసులో రక్తం పలచబడే మాత్రలు వేసుకుంటుంటే మాత్రం క్లీనింగ్‌కు ముందే చెప్పాలి. మీరు రక్తం వస్తోందని భయపడి ఆ వైపు తోమడం మానేసి ఉంటే ఈ పూట నుంచే మళ్లీ తోమండి, మెత్తటి బ్రష్‌తో, నెమ్మదిగా.