‘రీఫ్ సేఫ్’ అన్నారు, కొరుకుతోంది!

ప్రశ్న: మా రీఫ్ ట్యాంకు (బతికున్న పగడాలు, అంటే కోరల్స్ పెంచే ఉప్పునీటి ట్యాంకు) 55 గ్యాలన్లది, పెట్టి ఎనిమిది నెలలైంది. కోరల్స్‌లో జోయాంథిడ్లు, లెదర్ కోరల్, ఒక బ్రెయిన్ కోరల్ ఉన్నాయి. షాపులో ‘రీఫ్ సేఫే’ (కోరల్ జోలికి పోదు) అన్నారని నెల క్రితం కోరల్ బ్యూటీ చేపను తెచ్చాం. పది రోజులుగా బ్రెయిన్ కోరల్ ముడుచుకునే ఉంటోంది. ఇది చేప పనేనా, నీళ్లలో తేడానా?
– ఒక పాఠకుడు, డాలస్

జవాబు: చేపను అనుమానించాల్సిందే. పేరులో కోరల్ ఉంది కదా అని నమ్మడానికి లేదు! ఇది చిన్నరకం ఏంజెల్ చేప. రోజంతా రాళ్ల మీది నాచు గీరుకుని తింటుంది. బ్రెయిన్ కోరల్‌లాంటి కండ ఎక్కువున్న కోరల్ మీది జిగురన్నా దానికి ఇష్టమే. ఒకటి రెండు సార్లు పొడిస్తే ఏమీ కాదు. అదే పనిగా పొడుస్తుంటే కోరల్ ఉబ్బడం మానేస్తుంది, అంచుల్లో కండ తరిగి తెల్లటి గట్టిభాగం బయటపడుతుంది. ఈ జాతిలో ఒక చేప ఏళ్ల తరబడి కోరల్ జోలికి పోదు, ఇంకోటి వారానికే మొదలెడుతుంది. అందుకే షాపువాళ్ల మాట సగమే నిజం.

ముందు నీళ్లు పరీక్షించండి. ఉప్పునీటి సాంద్రత 1.025, ఆల్కలినిటీ (నీటి క్షారత) 8–9 డీకేహెచ్ (దాన్ని కొలిచే ప్రమాణం) ఉంటే ఈ రెండింటి వరకు నీళ్లను అనుమానించక్కర్లేదు. తర్వాత, నిండా కన్నాలున్న చిన్న ప్లాస్టిక్ బుట్టను కడిగి కోరల్ మీద బోర్లించి, కదలకుండా పైన చిన్న రాయి పెట్టండి. వెలుతురు, నీటి కదలిక లోపలికి అందాలి. రెండు మూడు రోజుల్లో కోరల్ ఉబ్బిందా, దొంగ దొరికినట్టే. బుట్టలోనూ ముడుచుకునే ఉంటే పంపు ధార నేరుగా తగులుతోందేమో, లైటు మరీ ఎక్కువైందేమో చూడండి.

దొంగ చేపే అయితే వల పట్టుకుని వెంటపడకండి, రాళ్లు కూలతాయి తప్ప అది దొరకదు. అక్రిలిక్ బోను పెట్టి, తలుపు తెరిచే ఉంచి, నాలుగైదు రోజులు తిండి అందులోనే వేయండి. భయం పోయి లోపలికెళ్లాక తలుపు వేసేయొచ్చు. ఈలోగా రోజూ నోరి (ఎండబెట్టిన సముద్రపు నాచు) ముక్క క్లిప్పుకి తగిలించండి. పొడవడం కాస్త తగ్గుతుందేమో గానీ, అలవాటు మానుతుందని ఆశ పెట్టుకోకండి.

ప్రశ్న: మాది 120 లీటర్ల కొత్త ట్యాంకు, మష్రూమ్ కోరల్స్ ఉన్నాయి. పిల్లలు మాండరిన్, బ్లూ టాంగ్ చేపలు కావాలంటున్నారు. తేవచ్చా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: రెండూ కోరల్‌ను తినవు. అయినా రెండూ మీ ట్యాంకుకి పనికిరావు. బ్లూ టాంగ్ అడుగు దాకా పెరుగుతుంది, దానికి ఆరడుగుల ట్యాంకు కావాలి. మాండరిన్ రాళ్ల మీది కోపెపాడ్లను (రొయ్య జాతికి చెందిన అతిచిన్న జీవులను) పొద్దస్తమానం ఏరుకు తినే చేప. కొత్త ట్యాంకులో అవి కొద్దిరోజుల్లోనే అయిపోతాయి, తర్వాత పొట్ట లోపలికి అంటుకుపోయి ఆకలితో చస్తుంది.

మీకు ఒసెలారిస్ క్లౌన్ జంట, ఒక రాయల్ గ్రామా, ఒక ఎల్లో వాచ్‌మన్ గోబీ, ఈ చేపలు చాలు. క్లౌన్లలో ఒకటి పెద్దది, ఒకటి చిన్నది తీసుకోండి; పెద్దది ఆడదవుతుంది. గోబీ కోసం అడుగున రెండంగుళాల ఇసుక వేయండి. ముందు గోబీ, మూడు వారాలాగి గ్రామా, చివర్న క్లౌన్లు. ముందొచ్చింది ట్యాంకంతా తనదే అనుకుంటుంది మరి! డాంసెల్ చేప కోరల్‌ను ముట్టదు గానీ మిగతా చేపలను బతకనివ్వదు, చవగ్గా వస్తోందని తేవొద్దు.

షాపులో టార్చ్, హ్యామర్‌లాంటి రాతి పగడాలు చూపిస్తే ఆశపడకండి. ఇవి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో, అంటే గట్టి రక్షణ ఉన్న జీవుల జాబితాలో ఉన్నాయి, సముద్ర గుర్రాలూ అంతే.

ఏ చేపనైనా నాలుగు వారాలు విడి ట్యాంకులో ఉంచాకే ఇందులో వేయండి. స్పాంజ్ ఫిల్టరు, దాక్కోడానికి రెండు పీవీసీ పైపు ముక్కలు ఉంటే చాలు. తెల్లమచ్చలు కనిపిస్తే కాపర్ మందు ఆ విడి ట్యాంకులోనే వాడాలి. పెద్దదాంట్లో పోశారా, కోరల్స్, రొయ్యలు చస్తాయి, రాళ్లు కూడా కాపర్‌ను పీల్చుకుంటాయి.