ఎమ్మెస్‌డబ్ల్యూనా, బీఈడీనా?

ప్రశ్న: బీఏ హెచ్‌ఈపీ (చరిత్ర, ఆర్థికశాస్త్రం, రాజనీతిశాస్త్రం) 61 శాతంతో పాసయ్యాను. బడి మానేసిన పిల్లల కోసం పనిచేయాలని ఉంది, అందుకే ఎమ్మెస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) అనుకుంటున్నాను. ఇంట్లో మాత్రం “బీఈడీ చేసి డీఎస్సీ రాయి, అదీ పిల్లల పనేగా” అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, నల్గొండ జిల్లా

జవాబు: మీ ఇంట్లోవాళ్ల మాటలో సగం నిజముంది. తొమ్మిదో తరగతిలో నలభై మంది ముందు నిలబడితే పీరియడ్ ముగిసేలోగా పాఠం నడవాలి. వెనక బెంచీ పిల్లాడు పది రోజులుగా ఎందుకు రావట్లేదో కనుక్కోవాలని ఉన్నా, వచ్చే వారం ఎస్‌ఏ (సమ్మేటివ్) పరీక్ష ఉంటే అది వెనక్కి పోతుంది. సోషల్ వర్కర్‌కు ఆ ఒక్క పిల్లాడే పని.

ఉదాహరణకు, రక్షణ అవసరమైన పిల్లల విషయంలో నిర్ణయం తీసుకునే బాలల సంక్షేమ కమిటీ ముందుకు వచ్చిన పిల్లాడి గురించి 15 రోజుల్లో సామాజిక విచారణ పూర్తి చేసి నివేదిక ఇవ్వాలి. దానికి ఫారం 22 ఉంటుంది. ఇంటికి వెళ్లి చూడాలి. సంపాదించేవాళ్లెందరు, అప్పు ఎవరి దగ్గర, బడి రిజిస్టర్‌లో ఎప్పటి నుంచి హాజరు లేదు, ఇవన్నీ అడగాలి. తల్లి ఒకటి చెబుతుంది, పక్కింటివాళ్లు ఇంకోటి చెబుతారు. కొత్తవాళ్లు ఎక్కువగా తప్పు చేసేది ఇక్కడే. “తండ్రికి బాధ్యత లేదు” అని రాస్తే కమిటీకి పనికిరాదు. “తండ్రి ఆరు నెలలుగా ఇంటికి రాలేదు, తల్లి రోజుకూలీకి వెళ్తోంది, పిల్లాడు చెల్లెల్ని చూసుకుంటున్నాడు” అని రాస్తే నిర్ణయం తీసుకోగలుగుతారు. ఇలాంటి పని మీకు ఆసక్తిగా అనిపిస్తే మీ మొగ్గు సరైనదే.

ఇక జీతం. ఇంట్లోవాళ్ల భయం అర్థం లేనిదేమీ కాదు. తెలంగాణలో స్కూల్ అసిస్టెంట్ (సబ్జెక్టు టీచర్) స్కేలు 42,300తో మొదలవుతుంది. కానీ ఆ మెట్టు ఎక్కడానికి ఎదురుచూపు తప్పదు: 2017 టీఆర్‌టీ (డీఎస్సీకి అప్పటి పేరు) తర్వాత మళ్లీ 11,062 పోస్టులతో డీఎస్సీ వచ్చింది 2024లో. ఎమ్మెస్‌డబ్ల్యూకు తలుపులు ఎక్కువే. జిల్లా బాలల పరిరక్షణ విభాగం, వేధింపులకు గురైన మహిళలకు సాయం చేసే సఖి కేంద్రాలు, ఆసుపత్రుల కౌన్సెలర్ పోస్టులు, స్వచ్ఛంద సంస్థలు, హెచ్ఆర్ తీసుకుంటే కంపెనీలు కూడా. చిక్కేమిటంటే వీటిలో చాలావరకు కాంట్రాక్టు లేదా ఔట్‌సోర్సింగ్. ప్రాజెక్టు నిధులు ఆగితే ఉద్యోగమూ ఆగుతుంది. మూడు నాలుగేళ్లు తక్కువ జీతంతో, ఊళ్లు మారుతూ గడిపే పరిస్థితి మీ ఇంట్లో ఉందా? ముందు ఈ లెక్క వేసుకోండి.

చదువులు రెండూ రెండేళ్లవే. ఎమ్మెస్‌డబ్ల్యూకు సీపీగెట్, బీఈడీకి ఎడ్‌సెట్ ప్రవేశ పరీక్ష రాయాలి. హెచ్‌ఈపీ చదివారు కాబట్టి సోషల్ స్టడీస్ మెథడాలజీ (బోధించే సబ్జెక్టు) దొరుకుతుంది. బీఈడీలో కనీసం 20 వారాల స్కూల్ ఇంటర్న్‌షిప్ ఉండాలి, అందులో హాజరు 90 శాతం. “రాకపోయినా పర్లేదు, ఫీజు కట్టండి” అనే కాలేజీలు కనిపిస్తాయి, వాటి జోలికి వెళ్లకండి. పాఠ్యప్రణాళిక రాయడం రాకుండా సర్టిఫికెట్ తీసుకున్నవాళ్లకు టీచర్ అర్హత పరీక్ష టెట్‌లో బోధనాశాస్త్రం ప్రశ్నలే మొదటి అడ్డంకి.

ఎమ్మెస్‌డబ్ల్యూ కాలేజీని ఫీల్డ్‌వర్క్‌ను బట్టి ఎంచుకోండి. చేరకముందే మూడు అడగండి: గత ఏడాది విద్యార్థులు ఏయే సంస్థల్లో చేశారు, వారానికి ఎన్ని రోజులు వెళ్లారు, వాళ్ల ఫీల్డ్ డైరీ చూపిస్తారా. డైరీలో సూపర్‌వైజర్ రాసిన వ్యాఖ్యలుంటే మంచి కాలేజీ. సంతకాలు మాత్రమే, అదీ ఒకే పెన్నుతో ఒకే రోజు పెట్టినట్టుంటే వదిలేయండి.

మీరు రాసినదాన్ని బట్టి మా సలహా: ఎమ్మెస్‌డబ్ల్యూ, అందులోనూ ఫ్యామిలీ అండ్ చైల్డ్ వెల్ఫేర్ స్పెషలైజేషన్ ఉన్న చోట. ఇంటి ఆర్థిక స్థితి సహకరించకపోతే ముందు బీఈడీ చేసి టెట్ పాసవ్వండి. ఆ అర్హత ఇప్పుడు జీవితకాలం చెల్లుతుంది. స్కూల్ అసిస్టెంట్ కోసం రాసే పేపర్-2లో 150కి జనరల్‌కు 90, బీసీలకు 75, ఎస్సీ, ఎస్టీలకు 60 మార్కులు రావాలి. డీఎస్సీలో టెట్‌కు 20 శాతం వెయిటేజీ ఉంది కాబట్టి పాసైతే చాలనుకోకుండా మార్కులు పెంచుకోండి. ఏదైనా ఒక దరఖాస్తు పెట్టేముందు, బడి బయటి పిల్లలతో పనిచేసే సంస్థలో రెండు వారాలు ఉచితంగా తిరగండి. ఇంటింటికీ తిరిగి మూడోసారి కూడా “రేపు పంపిస్తాం” అన్న మాటే విని తిరిగొచ్చినప్పుడు విసుగొస్తోందా, ఇంకోసారి వెళ్లాలనిపిస్తోందా గమనించండి.

ప్రశ్న: బీఈడీ ఉంటే ఎస్జీటీ (ప్రాథమిక తరగతుల టీచర్) పోస్టుకూ దరఖాస్తు చేయొచ్చా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: వీలుకాదు. ప్రాథమిక తరగతులకు బీఈడీ అర్హత కాదని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఎస్జీటీకి డీఈడీ (ప్రాథమిక టీచర్ల డిప్లొమా) కావాలి. మీకు స్కూల్ అసిస్టెంట్ దారి ఉంది. డిగ్రీ మెమోలోని సబ్జెక్టులు, మీ మెథడాలజీ నోటిఫికేషన్‌తో సరిపోతున్నాయో లేదో ముందే చూసుకోండి. పరీక్ష బాగా రాసి సర్టిఫికెట్ల పరిశీలనలో వెనుదిరిగేది ఎక్కువగా ఇక్కడే.