'కణాల వాపు' అనవచ్చా?

సందేహం: ఆరోగ్య వ్యాసాలు అనువదిస్తుంటాను. కంటి జబ్బు యువైటిస్ గురించి 'ఆర్‌ఎన్‌ఏ మార్పు వల్ల కంట్లో రోగనిరోధక కణాల వాపు పెరుగుతుంది' అని రాశాను. ఇంగ్లీషు 'ఇన్‌ఫ్లమేషన్'కు నేను పెట్టిన 'వాపు' తీసేసి 'మంట' అని పెట్టమంటున్నారు. ఏది సరి?

సమాధానం: వాపా, మంటా అని తేల్చే ముందు 'కణాల' దగ్గర ఆగాలి. 'దొంగల భయం' అంటే దొంగల వల్ల మనకు కలిగే భయం. 'పిల్లల భయం' అంటే పిల్లలు పడే భయం. రూపం ఒకటే, అర్థాలు వేరు. అయితే 'వాపు' ముందు చేరేసరికి మనకు తట్టే అర్థం ఒక్కటే. కాళ్ళ వాపు, చిగుళ్ళ వాపు అంటే వాచింది కాళ్ళు, చిగుళ్ళే. మీ వాక్యం చదివితే కణాలే వాచాయనిపిస్తుంది. ఆ కణాలు కంటి మీద దాడి చేసి జబ్బు తెస్తున్నాయన్న అసలు సంగతి అందులో లేదు.

'మంట' మరీ ప్రమాదం. ఉల్లిపాయ కోసినా, పొగ తగిలినా కళ్ళు మండుతాయి. యువైటిస్ కంటి ముందుభాగంలో వస్తే కన్ను ఎర్రబడుతుంది, నొప్పి పెడుతుంది, వెలుతురు చూడలేరు. వెనకభాగంలో వస్తే నొప్పీ ఎరుపూ లేకుండానే చూపు మసకబారవచ్చు. 'కంటి మంట' అని చదివినవారు షాపులో ఏవో చుక్కలు కొని వేసుకుని ఊరుకుంటారు. ఇన్‌ఫ్లమేషన్‌కు, అంటే దెబ్బకో దాడికో శరీరం చూపే ప్రతిస్పందనకు, వైద్యపుస్తకాల్లో ఉన్న 'శోథ' అనే మాట వాడండి, మొదటిసారి వచ్చినచోట ఒక ముక్కలో వివరించండి.

మీరు అడగకపోయినా, నాకు ఎక్కువ పట్టింపు 'ఆర్‌ఎన్‌ఏ మార్పు' మీద. ఆర్‌ఎన్‌ఏ అంటే ప్రొటీన్ తయారీ కోసం కణం జన్యువు నుంచి తీసుకునే నకలు. దానికి 'మార్పు' అంటే జన్యువే మారిపోయిందని పాఠకులు టెన్షన్ పడతారు. యువైటిస్‌లో ఆర్‌ఎన్‌ఏ పాత్ర గురించిన పరిశోధనల్లో ఎక్కువగా వినిపించేది ఎం6ఏ. అంటే ఆర్‌ఎన్‌ఏలోని 'ఏ' అక్షరానికి, అడినోసిన్‌కు, చిన్న మిథైల్ గుంపు వచ్చి చేరడం. అక్షరాల వరుస చెక్కుచెదరదు. పుస్తకంలో ఒక మాట కింద గీత గీసినట్టన్నమాట. ఆ ఆర్‌ఎన్‌ఏ ఎంతసేపు నిలవాలి, దాన్నుంచి ఎంత ప్రొటీన్ తయారవాలి అన్నవి ఆ గుర్తును బట్టి మారతాయి. గుర్తు పెట్టే ఎంజైముల్లో మెటిల్3 ముఖ్యమైనది. చెరిపేవాటిలో ఎఫ్‌టీఓ ఒకటి, దాని ఈ పని 2011లో బయటపడింది. ఎలుకలకు యువైటిస్ తెప్పించి చూసిన ప్రయోగాల్లో టీహెచ్17 అనే ఒక రకం రోగనిరోధక కణాల దూకుడుకూ ఈ గుర్తులకూ సంబంధం కనిపించింది.

మనకు 'మార్పుచేర్పులు' అనే చక్కని జంటమాట ఉంది. ఇక్కడ పనికొచ్చేది అందులోని రెండోది. నేనైతే ఇలా రాస్తాను: 'ఆర్‌ఎన్‌ఏకు జరిగే రసాయన చేర్పులను బట్టి, రోగనిరోధక కణాలు కంట్లో పుట్టించే శోథ పెరగవచ్చు, తగ్గవచ్చు.' 'పెరుగుతుంది' అని తేల్చేయకండి. ఏ కణంలో, ఏ ఆర్‌ఎన్‌ఏ మీద గుర్తు పడిందన్నదాన్ని బట్టి ఫలితం అటూ ఇటూ అవుతుంది.