సిలువా? శిలువా?

సందేహం: మా చర్చిలో పాటల పుస్తకంలో 'సిలువ' అని ఉంది. పక్క ఊరి చర్చి గోడ మీద 'శిలువ' అని రాశారు. ఏది సరైనది? ఇది సంస్కృతంలోని 'శిల' నుంచి వచ్చిందని మా మాస్టారు ఒకరు చెప్పారు. నిజమేనాండీ?

సమాధానం: 'సిలువ' అనే రాయండి. తెలుగు బైబిల్లో ఉన్నదీ అదే. శిలతో దీనికి చుట్టరికం లేదు. శిల అంటే రాయి, సిలువ కొయ్యది. బైబిల్లోనే కొన్నిచోట్ల దీన్ని 'మ్రాను' అన్నారు.

ఈ మాటకు పుట్టిల్లు సిరియాక్ భాష. అందులో సిలువను 'స్లీబా' అంటారు. కేరళలో సిరియన్ సంప్రదాయం పాటించే క్రైస్తవుల నోట అది 'స్లీవా' అయింది. అరబ్బీ, ఉర్దూల్లోని 'సలీబ్' కూడా ఈ కుటుంబంలోదే. తమిళంలో 'సిలువై'. తమిళ మాట చివర 'ఐ' ఉన్నచోట మనకు అకారం ఉండటం మామూలే: తలై–తల, మలై–మల, విలై–వెల. సిలువై–సిలువ ఆ వరుసలో చక్కగా ఒదిగింది. ఇక మొదటి 'స్ల' మన నోటికి కష్టం కాబట్టి మధ్యలో ఒక ఇకారం చేరింది. పల్లెల్లో స్లేటును 'సిలేటు' అనడం మీరు వినే ఉంటారు.

ఈ మాటంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం. యేసు మాట్లాడింది అరామిక్. సిరియాక్ దాని మాండలికాల్లో ఒకటి. 'బాప్తిస్మం' గ్రీకు మాట, 'పాదిరి' పోర్చుగీసు మాట. మలయాళంలో ఇప్పుడు ఎక్కువగా వినబడే 'కురిశు' కూడా పోర్చుగీసు 'క్రూజ్' నుంచే వచ్చింది. మన 'సిలువ' మాత్రం యేసు ఇంట్లో మాట్లాడుకున్న భాషకు అంత దగ్గరగా ఉండిపోయింది! ఆ స కారాన్ని మార్చకూడదని నేను పట్టుబట్టేది అందుకే.

మరి 'శ' ఎలా వచ్చిందంటారా? శకారం రాస్తే మాట శుద్ధంగా ఉంటుందని చాలామంది అనుకుంటారు. సీతాఫలాన్ని 'శీతాఫలం' చేసిందీ ఆ భ్రమే. పత్రికల్లో కూడా 'శిలువ' కనిపిస్తోంది కాబట్టి గోడ మీద రాసినవారిని తప్పుపట్టనక్కర్లేదు. మళ్ళీ రంగు వేయించేటప్పుడు దిద్దుకోమని చెప్పండి.

'సిలువ వేయడం' అన్నప్పటి 'వేయడం' మాత్రం అచ్చంగా మనదే. పూర్వం రాజులు నేరస్థులను కొరత వేయించేవారు, అంటే కొర్రుకు గుచ్చి చంపించేవారు. కొర్రు అంటే మొన తేల్చిన కొయ్య. 'కొరత వేయు' అప్పటికే వాడుకలో ఉంది కనుక, సిలువకూ ఆ క్రియే సహజంగా అతికింది.