థోల్, తాళు: చుట్టాలేనా?

ప్రశ్న: మా అమ్మాయి గ్లాస్గోలో చదువుకుంటోంది. వాళ్ల ఇంటి ఓనరమ్మ వాన పట్టినప్పుడల్లా 'ఐ కాన్నా థోల్ ఇట్' అని విసుక్కుంటుందట. అంటే 'తాళలేను' అనేగా? మన తాళు, వాళ్ల థోల్ ఒకటేనా అండీ?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: అర్థం సరిగ్గా పట్టుకున్నారు. చుట్టరికం మాత్రం కలవదండీ, నాకూ కాస్త నిరాశగానే ఉంది! తాళు ద్రావిడ మాట. కన్నడం వాళ్లు 'తాళిదవను బాళియాను' అంటారు, ఓర్చుకున్నవాడే బతుకుతాడని. థోల్ పాత ఇంగ్లీషులోని 'థోలియన్' నుంచి వచ్చింది. ఫ్రెంచి దారిన సఫర్, ఎండ్యూర్ వచ్చి పీట వేసుకున్నాక దక్షిణ ఇంగ్లండులో అది మూలపడింది గానీ, స్కాట్లండులోనూ ఉత్తర ఐర్లండులోనూ జనం నోట ఇంకా ఉంది.

నొప్పి ఓర్చుకోవడం, మనిషిని భరించడం, ఏదైనా జరుగుతుంటే చూస్తూ ఊరుకోవడం, అన్నిటికీ అదే క్రియ. స్కాట్లండు కవి రాబర్ట్ బర్న్స్ 1785లో ఎలుక మీద రాసిన కవితలో, నాగలి తగిలి గూడు చెదిరిపోయిన చిట్టెలుక చలికాలపు మంచు తుంపరని థోల్ చేయాల్సి వచ్చిందే అని రైతు బాధపడతాడు. ఇంకా తమాషా ఏమిటంటే ఇది కోర్టు మాట కూడా. ఒక కేసులో విచారణ పూర్తయిపోయినవాణ్ని స్కాట్లండు న్యాయభాషలో 'తన అసైజ్‌ను థోల్ చేశాడు' అంటారు, అంటే విచారణ ఒకసారి భరించేశాడు, అదే నేరానికి మళ్లీ బోనెక్కించడం కుదరదని. 2011 చట్టంతో దీనికి కొన్ని మినహాయింపులు వచ్చాయి. విచారణకి 'భరించడం' అనే మాటే ఎందుకు వాడారో కోర్టుల చుట్టూ తిరిగినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

మరి థోల్‌కి మన దగ్గర చుట్టాలే లేరా అంటే, ఉన్నారు, బంగారం కొట్లో! సంస్కృతం 'తుల'. మన త్రి ఇంగ్లీషులో థ్రీ అయినట్టే, ఆ త-కారం అటువైపు థ-కారమైంది. మూలార్థం ఎత్తడం, మోయడం. బరువు ఎత్తి చూసేది తుల, దాన్నుంచే తులం, తులాభారం. బరువు మోసి ఊరుకునేది థోల్. మన 'భరించు'లో భారం లేదూ, అదే వరస. లాటిన్ వైపు నుంచి వచ్చిన టాలరేట్ కూడా ఈ ఇంటిదే. అంతెందుకు, మనం రోజూ వాడే టాలెంట్ కూడా గ్రీకులో మొదట త్రాసు, తూకమే.

అమ్మాయి డిక్షనరీ తిరగేస్తే పడవలో తెడ్డుకి ఆనుడుగా ఉండే మేకు కూడా 'థోల్' అనే కనిపిస్తుంది. అది వేరే మాట, దీనితో కలిపేయొద్దని చెప్పండి.