సన్న సూది అయితే సేఫ్ కదా అంటే...

"మా నాన్నగారికి ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్‌తో లివర్ బయాప్సీ చేద్దామంటున్నారు. 19 గేజ్ సూది మంచిదా, 22 గేజా? సన్నదైతే సేఫ్ కదా?" అని ఒకరు అడిగారు. (నోటిగుండా స్కోప్ గొట్టం పంపి, అల్ట్రాసౌండ్‌లో చూస్తూ లోపలినుంచే సూదితో లివర్ ముక్క తీయడం అన్నమాట.)

నేను డాక్టర్‌ని కాదు, హైదరాబాద్‌లో ఒక పాథాలజీ ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. ఏ సూదితో తీసినా ఆ ముక్క చివరికి చేరేది మా బల్ల మీదికే. నన్నడిగితే 19, రెండో మాట లేదు.

గేజ్ అంకె పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. 19 గేజ్ బయటి మందం దాదాపు 1.1 మిల్లీమీటర్లు, 22ది 0.7. ఈమాత్రం తేడాకేనా అనుకుంటారు. ఒకసారి 22తో తీసిన శాంపిల్ వచ్చింది. బాటిల్ మూత తీస్తే ఫార్మలిన్‌లో (ముక్క చెడకుండా ఉంచే ద్రావణం) సగం రక్తపు గడ్డలే. మిగతాది సేమ్యా ప్యాకెట్ అడుగున మిగిలే నూకలా ఉంది, పొడుగాటి పోగు ఒక్కటీ లేదు. ఫోర్సెప్స్‌తో పట్టుకుంటే నలిగిపోతుందని డ్రాపర్‌తో ఎత్తి, ఫిల్టర్ పేపర్‌లో మడిచి క్యాసెట్ అనే చిన్న ప్లాస్టిక్ డబ్బీలో పెట్టాను. స్లయిడ్ చూసిన మా పాథాలజిస్ట్ మేడం పూర్తి పోర్టల్ ట్రాక్ట్‌లు (లివర్‌లో రక్తనాళాలు, పైత్య నాళం కలిసి పోయే దారులు) లెక్కపెడితే నాలుగే తేలాయి. 11 కన్నా తక్కువుంటే ఆ సంగతి రిపోర్టులో రాయమని అమెరికా లివర్ నిపుణుల సంఘం 2009లోనే చెప్పింది. ఫైబ్రోసిస్ (లివర్ మచ్చకట్టడం) ఏ స్టేజీలో ఉందో చెప్పాలంటే ఒక ట్రాక్ట్ నుంచి ఇంకోదానికి మచ్చ పాకిందా లేదా చూడాలి. ముక్క సరిగ్గా ఆ మధ్యలోనే విరిగితే ఏం చూస్తారు? మేడం "శాంపిల్ చాలదు" అని రాసి పంపారు. మర్నాడు పొద్దున్నే ఫోన్: "స్టేజ్ వేయలేదేంటండీ?" మేమేదో దాచుకున్నట్టు!

22 పనికిరాదని కాదు. లివర్‌లోనో ప్యాంక్రియాస్‌లోనో గడ్డ ఉంటే, అది క్యాన్సరా కాదా తేల్చడానికి చాలాసార్లు అది చాలు. పైగా 19 కాస్త బిర్రుగా ఉంటుంది. పొట్టలోంచి లివర్ ఎడమ లోబ్‌లోకి (ఎడమ భాగంలోకి) తిన్నగా పోతుంది కానీ, డుయోడినమ్‌లో (పొట్ట తర్వాత వచ్చే చిన్నపేగు మొదట్లో) స్కోప్ వంపు తిరిగాక కుడి లోబ్‌కి పంపడం కష్టం. సూది మొన కూడా చూడాలి. కిరీటంలా మూడు పళ్లున్న ఎఫ్ఎన్‌బీ (ముక్క కోసి తెచ్చే) సూది పాత ఎఫ్ఎన్ఏ (కణాలు పీల్చి తెచ్చే) సూది కన్నా మంచి పోగు తెస్తుంది. ఇక మా మేడంకి అన్నిటికన్నా ఇష్టం పక్కటెముకల మధ్యనుంచి 16 గేజ్‌తో తీసిన ముక్క. అదొస్తే ఆ రోజు అందరికీ టీ ఆవిడే చెప్తారు. కాకపోతే దాని తర్వాత పేషెంట్ గంటల తరబడి కదలకుండా పడుకోవాలి.

సేఫ్ అన్నారు కాబట్టి చెప్తున్నా, రక్తస్రావం భయం సూది లావు ఒక్కదానితో పోయేది కాదు. ప్లేట్‌లెట్లు, ఐఎన్ఆర్ (రక్తం ఎంతసేపట్లో గడ్డకడుతుందో చెప్పే పరీక్ష) చూపించుకోండి, రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే ముందే చెప్పండి. సన్న సూదితో ముక్క చాలక మళ్లీ గుచ్చాల్సి వస్తే అందులో సేఫ్ ఏముంది?

ఇంకో గోడు. మాకొచ్చే ఫారాల్లో సగం మీద "లివర్ బయాప్సీ" అని తప్ప ఇంకేమీ ఉండదు. షుగర్ ఉందా, మందు అలవాటుందా, నాటు మందులు వాడారా, ఎల్ఎఫ్‌టీ (లివర్ పనితీరు రక్తపరీక్ష) ఎంతుంది, ఒక్క ముక్క రాయరు. ఇవన్నీ తెలియకుండా లివర్ స్లయిడ్ చదవమంటే మేడం మాత్రం ఏం చేస్తారు? మీ నాన్నగారి ఫారం మీరే దగ్గరుండి నింపించండి, పాత రిపోర్టుల జిరాక్సులు దానికే పిన్ చేయండి.